లైబ్రేరియన్ల పరిశోధనకు కొలత ఏది? స్కాలర్, స్కోపస్, ఓపెన్‌అలెక్స్ మధ్య ఎంపిక

కావలిలోనో కందుకూరులోనో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ ఉన్నారనుకుందాం. ఆయన పేరు గూగుల్ స్కాలర్‌లో కొడితే హెచ్-ఇండెక్స్ 5 అని వస్తుంది, అంటే కనీసం ఐదేసి సైటేషన్లు (ఇతరుల రచనల్లో ప్రస్తావనలు) తెచ్చుకున్న పేపర్లు ఐదున్నాయని. పేపర్లనూ సైటేషన్లనూ నమోదుచేసే మరో డేటాబేసు స్కోపస్‌లో చూస్తే 2. అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్‌లో పేరే దొరకదు. మనిషి ఒక్కరే, రాసిన పేపర్లూ అవే. నెల్లూరులో పుట్టి వడ్లంటే 850 కిలోలని రైతుకీ తెలుసు, మిల్లరుకీ తెలుసు. బేరం పుట్టి లెక్కన మొదలుపెట్టి తూకం దగ్గర క్వింటాళ్లలోకి దిగితే ఎవరో ఒకరు మోసపోతారు. సైటేషన్ల లెక్కలో జరిగేదీ అదే. ఒక పట్టికలో సగం మందికి స్కాలర్ అంకె, మిగతా సగానికి స్కోపస్ అంకె వేసి, కింద సగటు తీసి కాలేజీ వెబ్‌సైట్లో పెట్టేస్తారు.

ఫలానా డేటాబేసు గొప్పది, ఫలానాది పనికిరాదు అనే వాదన దండగ. మీరు తీసే అంకె ఏ కాగితంలోకి వెళ్తుందో ముందు తేలితే, ఏది వాడాలో చాలావరకు దానంతటదే తేలుతుంది.

ముందు కాగితం చూడండి

కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగు కోసమైతే మీ చేతిలో ఎంపిక లేదు. పబ్లికేషన్ల లెక్కను వాళ్లు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ నుంచి నేరుగా తీసుకుంటారు. అదీ కాలేజీ పేరు మీద. లైబ్రేరియన్ పేపరులో కాలేజీ పేరు తప్పుగా పడితే ఆ పేపరు కాలేజీ ఖాతాలోకి రాదు. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఇచ్చే స్వీయ అధ్యయన నివేదికలో యూనివర్సిటీలను సైటేషన్ సగటు, హెచ్-ఇండెక్స్ అడిగినప్పుడు కూడా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లెక్కలే పెట్టాలి. అక్కడ స్కాలర్ ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ అతికిస్తే ప్రశ్న వెనక్కి వస్తుంది.

ప్రమోషన్ ఫైలైతే కథ వేరు. 2018 యూజీసీ నిబంధనల్లో లైబ్రేరియన్లకు విడిగా ఒక మదింపు పట్టిక ఉంది. అందులో చూసేది ప్రధానంగా లైబ్రరీ పని: క్రమంగా హాజరవడం, సేవలు, పుస్తకాల నిల్వ తనిఖీ, కేటలాగు కంప్యూటరీకరణ, వర్క్‌షాపులు. సైటేషన్ల మాట అందులో లేదు. పరిశోధనకు పాయింట్లు వేసే పట్టిక మరొకటి. దాని ప్రకారం లైబ్రరీ సైన్సు పేపరుకు 10 పాయింట్లు, భాషలకూ సామాజిక శాస్త్రాలకూ ఇచ్చినట్టే. సైన్సు వాళ్లకు 8. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల అంకె) లేని రెఫరీడ్ జర్నల్, అంటే నిపుణులు పరిశీలించాకే అచ్చువేసేది అయితే ఇంకో 5 కలుస్తాయి, ఫ్యాక్టర్ 1 లోపుంటే 10, 1 నుంచి 2 మధ్య ఉంటే 15. రచయితలు ఇద్దరైతే ఒక్కొక్కరికీ 70 శాతం. ముగ్గురూ అంతకుమించీ అయితే మొదటి రచయితకో కరెస్పాండింగ్ రచయితకో 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. అంటే ఫ్యాక్టర్ లేని జర్నల్లో ముగ్గురు కలిసి రాసిన 15 పాయింట్ల పేపరుకు మొదటివారికి 10.5, మూడోవారికి 4.5. ఆ పేపరుకు వంద సైటేషన్లొచ్చినా, ఒక్కటీ రాకపోయినా ఇదే.

ఇక్కడ తరచూ పడే దెబ్బ ఒకటి చెప్పాలి. నిబంధనల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే థామ్సన్ రాయిటర్స్ జాబితాలోది. ఆ వ్యాపారమే 2016 నుంచి క్లారివేట్ పేరుతో నడుస్తోంది. జర్నల్ అట్ట మీద రకరకాల సంస్థల పేర్లతో ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.2’ అని ముద్రేసుకున్నవి ఆ లెక్కలోకి రావు. పైగా నమ్మదగిన జర్నళ్లంటూ పెట్టిన కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. అంతకుముందు అచ్చయిన పేపరుకు, అచ్చయిన నాటికి ఆ జర్నల్ జాబితాలో ఉందని చూపే తేదీ ఉన్న ప్రింటు ఫైల్లో పెట్టుకోవాలి. ఇప్పుడు వెబ్‌సైట్లో వెతుక్కుందామంటే ఆలస్యమైనట్టే.

మిగిలింది పరిశోధన కోసం చేసే లెక్క. జిల్లాలోని కాలేజీ లైబ్రేరియన్లు పదేళ్లలో ఎంత రాశారు, దేని మీద రాశారు, ఎవరు ఉటంకించారు అని పీహెచ్‌డీకో పేపరుకో లెక్కతీయడం. నిజంగా ఎంచుకోవాల్సి వచ్చేది ఇక్కడే.

గూగుల్ స్కాలర్: ఎక్కువ దొరుకుతుంది, చెత్తతో సహా

2004 నవంబరులో వచ్చింది, డబ్బు కట్టక్కర్లేదు, మన లైబ్రేరియన్ల పేపర్లలో ఎక్కువ భాగం కనిపించేదీ ఇందులోనే. సెమినార్ సంచికలు, పుస్తకంలో అధ్యాయాలు, శోధ్‌గంగలోని (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ నిల్వ) థీసిస్‌లో వచ్చిన ప్రస్తావన, ఏదో కాలేజీ సైట్లో పెట్టిన పీడీఎఫ్, అన్నిటినీ లెక్కేస్తుంది. స్థానిక ప్రభావం చూడాలంటే ఇది మేలే. లైబ్రరీ వాడకం మీద సర్వే పేపరును ఎక్కువగా ఉటంకించేది ఎం.లిబ్. ప్రాజెక్టులు, పీహెచ్‌డీ థీసిస్‌లు. అవి స్కోపస్ కంటికి ఆనవు.

చిక్కల్లా శుభ్రత దగ్గరే. ప్రొఫైల్ తెరిచేటప్పుడు చాలామంది ‘కొత్త పేపర్లు వాటంతటవే చేరనివ్వు’ అన్న దానికి టిక్కు అలాగే ఉంచేస్తారు. రెండేళ్లలో ఇంటిపేరూ ఇనీషియలూ కలిసిన పక్క రాష్ట్రపు కెమిస్ట్రీ మాస్టారి పేపర్లు వచ్చి చేరతాయి. హెచ్-ఇండెక్స్ అమాంతం పెరుగుతుంది. అయ్యవారు సంతోషంగా బయోడేటాలో వేసేసుకుంటారు, ఇంటర్వ్యూలో ఎవరో జాబితా తెరిపిస్తే గానీ సంగతి బయటపడదు. ప్రొఫైల్ పేజీలో ప్లస్ గుర్తు నొక్కి, ఆర్టికల్ అప్‌డేట్ల అమరికలోకి వెళ్లి, మార్పులు ముందు ఈమెయిలుకు పంపమనే ఎంపిక పెట్టండి. పరాయి పేపర్లకు టిక్కు పెట్టి తొలగించండి. ఒకే పేపరు రెండు వరుసల్లో, ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట సగం పేరుతో ఉంటే రెంటికీ టిక్కు పెట్టి కలపండి. కలపకపోతే 6, 5 సైటేషన్లుగా చీలిన పేపరు ఐ10 (కనీసం పది సైటేషన్లున్న పేపర్ల సంఖ్య) లెక్కలోకి రాదు. కలిపాక సాధారణంగా వస్తుంది, ఆ రెంటినీ ఉటంకించినవి ఒకటే పేపర్లు అయితే తప్ప. కాలేజీ డొమైన్ ఈమెయిలుతో ధ్రువీకరించుకోవడమూ ముఖ్యం, లేకపోతే ప్రొఫైల్ స్కాలర్ వెతుకులాటలో పైకి రాదు.

పదిమందికి మించి లెక్కతీయాలంటే ఒక్కో ప్రొఫైల్ చూస్తూ రాసుకోవద్దు. పబ్లిష్ ఆర్ పెరిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆన్-విల్ హార్జింగ్ 2006 నుంచి అందిస్తున్నారు. రచయిత పేరు కోట్స్‌లో పెట్టి, ఏడాదుల హద్దు ఇచ్చి వెతికితే పట్టిక వస్తుంది. పరాయి పేపర్ల టిక్కు తీసేస్తుంటే హెచ్-ఇండెక్స్ వంటి అంకెలు అక్కడికక్కడే మారతాయి. పట్టికను ఎక్సెల్‌కు పంపుకోవచ్చు. ఒక వెతుకులాటకు వెయ్యి ఫలితాలే వస్తాయి, ‘రావు’ అని మాత్రమే కొడితే ఆ వెయ్యీ ఊరికే నిండిపోతాయి. వెంటవెంటనే వెతికితే గూగుల్ ‘మీరు రోబో కాదని’ అడిగి ఆపేస్తుంది. అలాంటప్పుడు మొండికేయకుండా కొన్ని గంటలాగి మళ్లీ మొదలుపెట్టాలి.

స్కాలర్‌లో చేయలేనిది ఒకటుంది: సొంత సైటేషన్లను తీసివేయడం. స్కోపస్‌లో సైటేషన్ ఓవర్‌వ్యూకి వెళ్లి ఒక టిక్కు పెడితే చాలు.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్

స్కోపస్ ఎల్సెవియర్‌ది, అదీ 2004లోనే వచ్చింది. జర్నల్‌ను వడపోసి చేర్చుకుంటుంది. లైబ్రరీ సైన్సుకు విడిగా సబ్జెక్టు వర్గం ఉంది, డెసిడాక్ జర్నల్ వంటి మన జర్నళ్లూ అందులో ఉన్నాయి. చందా లేకపోయినా ఉచిత ప్రివ్యూలో రచయిత పేరు వెతికితే పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి. జర్నళ్ల సైటేషన్ సగటు చెప్పే సైట్‌స్కోర్ జాబితా కూడా ఉచితమే. వివరమైన విశ్లేషణకు మాత్రం చందా కావాలి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా’ అని కొందరంటారు. అది 2025 నుంచి జర్నళ్లు చదువుకోవడానికి వచ్చిన ఏర్పాటు. సైటేషన్ డేటాబేసుల సంగతి వేరు, మీ సంస్థకు ఉందో లేదో విడిగా కనుక్కోండి.

జర్నల్‌ను స్కోపస్ మధ్యలో తీసేసినా అప్పటిదాకా ఇండెక్స్ అయిన పేపర్లు సాధారణంగా అలాగే ఉంటాయి. కాబట్టి ‘స్కోపస్ జర్నల్’ అని జర్నల్ వాళ్లు చెప్పుకునే మాట కాకుండా, మీ పేపరు అందులో పడిందా అన్నది చూడండి. ఈ మాట పేపరు పంపేముందే గుర్తుండాలి.

వెబ్ ఆఫ్ సైన్స్ మూలం యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. వడపోత ఇంకా గట్టిది. మన జిల్లాల కాలేజీ లైబ్రేరియన్ల వరకు చూస్తే, అందులో ఒకటో రెండో పేపర్లుంటే గొప్ప. ర్యాంకింగు ఫారమ్ అడిగితే తప్ప దీని వెంట పడొద్దు.

ఓపెన్‌అలెక్స్, ఐరిన్స్

ఇలాంటి డేటాబేసే అయిన మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ 2021 చివర్లో మూతపడ్డాక, 2022 జనవరిలో ఓపెన్‌అలెక్స్ వచ్చింది. పేరు అలెగ్జాండ్రియా గ్రంథాలయం మీద పెట్టుకున్నది. డేటా అంతా ఉచితం, ఎవరైనా మళ్లీ వాడుకోవచ్చు. స్కాలర్ అంత విశాలం కాకపోయినా స్కోపస్ కన్నా చాలా ఎక్కువ జర్నళ్లు దొరుకుతాయి. జిల్లా స్థాయి అధ్యయనానికి ఇప్పుడు మొదట తెరవాల్సింది ఇదే అంటాం. ఎందుకంటే స్కాలర్ లెక్కను ఇంకొకరు మళ్లీ తీసి సరిచూడలేరు. దీన్నైతే వెతికిన తీరు రాసిపెడితే ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

అయితే ఒక లోపం తెలుసుకుని దిగాలి. ప్రధానంగా, పబ్లిషర్ తన పేపర్ల రిఫరెన్సు జాబితాలను క్రాస్‌రెఫ్‌కు (డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యలు నమోదుచేసే సంస్థ) ఇచ్చినప్పుడే అవి సైటేషన్లుగా నమోదవుతాయి. చిన్న పబ్లిషర్లు డీఓఐ తీసుకుంటారు గానీ రిఫరెన్సులు పంపరు. దాంతో వాళ్ల జర్నళ్లలో ఉటంకించినా లెక్కకు రాకపోవచ్చు: పేపరు కనిపిస్తుంది, సైటేషన్లు సున్నా. ‘మా వాళ్లను ఎవరూ ఉటంకించలేదు’ అని రాసేముందు, అదే పేపరును స్కాలర్‌లో ఒకసారి చూడండి.

పరిశోధకుల ప్రొఫైళ్లు చూపే ఐరిన్స్, విద్వాన్ రెండూ యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్‌వి, సంస్థలకు ఉచితం. వీటిని కొలబద్దగా కాకుండా ప్రదర్శన పలకగా వాడుకోండి. ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబరు), స్కోపస్, స్కాలర్ నుంచి వివరాలు తెచ్చుకుంటాయి కాబట్టి అక్కడ చెత్త ఉంటే ఇక్కడా చెత్తే.

పేర్ల గొడవ

పని సగం ఇక్కడే పోతుంది. పెంచలకోన పుణ్యమా అని నెల్లూరు వైపు పెంచలయ్యలు, మాలకొండ పుణ్యమా అని ప్రకాశం వైపు మాలకొండయ్యలు ఎక్కువ. ఇంగ్లిషులో రాసేటప్పుడు చివరి ‘అయ్య’ను కొందరు ఏ-ఐ-ఏ-హెచ్ అంటారు, కొందరు ఏ-వై-వై-ఏ. ఒకే మనిషి ఒక పేపర్లో అలా, ఇంకో పేపర్లో ఇలా. అప్పుడే స్కోపస్‌లో ఇద్దరు మనుషులయ్యారు.

దానికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొట్టి అక్షరంగా. జర్నల్ ఫారంలో ‘లాస్ట్ నేమ్’ గడి కనిపించగానే ఒకసారి ‘వై’ అని పెడతారు, ఒకసారి ‘మాలకొండయ్య’ అని, మరోసారి సహరచయిత నింపితే ఇంటిపేరు పూర్తిగా వచ్చేస్తుంది. మూడు రకాలకు మూడు ప్రొఫైళ్లు. ‘వెంకట సుబ్బారావు’ను విడగొట్టి ‘రావు’ను లాస్ట్ నేమ్ చేస్తే ఆ రావు వేల మంది రావుల్లో కలిసిపోతాడు.

సంస్థ పేర్లు ఇంకో తలనొప్పి. విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు కావలిలో ఉన్నది శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పీజీ సెంటర్. ఒంగోలులో ఆచార్య నాగార్జున యూనివర్సిటీ క్యాంపస్ 2022లో ఆంధ్ర కేసరి యూనివర్సిటీ అయింది. ఒంగోలు లైబ్రేరియన్ 2019 పేపరు నాగార్జున ఖాతాలో ఉంటుంది, 2024 పేపరు ఆంధ్ర కేసరి ఖాతాలో. యూనివర్సిటీ పేరుతో వెతికితే సగమే దొరుకుతుంది. దీనికి తోడు సింహపురిని కలిపి రాసేవారు, విడగొట్టి రాసేవారు, ‘వీఎస్‌యూ’ అని సరిపెట్టేవారు. అందుకే సంస్థ పేరుతో వెతకడం మొదలుపెట్టొద్దు. ముందు మనుషుల జాబితా చేసుకోండి: కాలేజీ వెబ్‌సైట్లు, యూనివర్సిటీ అనుబంధ కాలేజీల జాబితా, విద్వాన్. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు ప్రజా గ్రంథాలయాల వాళ్లు, ఈ లెక్కలో కలపకూడదు. ఒక్కొక్కరికీ పేరు రాసే పద్ధతులన్నీ ఒక వరుసలో రాసుకుని, ఒక్కోటీ వెతికి, సహరచయితలూ అంశమూ చూసి నిర్ధారించాలి.

రచయితలు చేయాల్సింది మాత్రం తేలిక. ఆర్కిడ్ నంబరు తీసుకోండి, పదహారు అంకెలు, ఉచితం. ఒకే పేరు ఖాయం చేసుకుని ప్రతి పేపర్లో అదే వాడండి. స్కోపస్‌లో చీలిపోయిన ప్రొఫైళ్లను రచయిత వెతుకులాటలో టిక్కు పెట్టి కలపమని అభ్యర్థన పంపొచ్చు, దీనికీ చందా అక్కర్లేదు.

ఏ అంకె తీసుకోవాలి

ఊహకు ఒక లెక్క. 14 పేపర్లు, సైటేషన్లు వరుసగా 31, 12, 9, 7, 5, 4, 2, 2, 1, 1, మిగతా నాలుగూ సున్నా. మొత్తం 74. ఐదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 6 లేవు, కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. పదీ అంతకుమించీ ఉన్నవి రెండే, ఐ10 అంకె 2. జీ-ఇండెక్స్ అంటే మొదటి ఇన్ని పేపర్ల సైటేషన్ల మొత్తం ఆ అంకె వర్గానికి తగ్గకుండా ఉండే అతిపెద్ద అంకె. ఇక్కడ మొదటి 8 పేపర్ల మొత్తం 72, ఎనిమిది ఎనిమిదులు 64 కన్నా ఎక్కువ. తొమ్మిదికి 81 కావాలి, 73 దగ్గర ఆగింది. జీ 8. ఒక్క పేపరు 31 తెచ్చుకోవడం వల్ల జీ ఇంత ఎదిగింది. ఇప్పుడు ఐదో పేపరు 5 సైటేషన్లలో ఒకటి సొంతదని తేలి తీసేశామనుకోండి, హెచ్ 4కు పడిపోతుంది. చిన్న అంకెల దగ్గర ఒక్క సైటేషనుకు అంత బలం. అందుకే హెచ్ 4, హెచ్ 5 ఉన్న ఇద్దరు లైబ్రేరియన్లలో ఎవరు మెరుగని ర్యాంకు ఇవ్వడం అర్థం లేని పని.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. ఏళ్లు గడిచేకొద్దీ ఇది పెరగడమే గానీ తగ్గదు, కాబట్టి సర్వీసు ఎక్కువున్నవారికే ఎప్పుడూ మొగ్గు. వయసు తేడా ఉన్నవాళ్లను పోల్చాలంటే మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో భాగించండి, లేదా అందరికీ చివరి ఐదేళ్ల పేపర్లే తీసుకోండి. సగటు కన్నా మధ్యస్థం నయం. పై లెక్కలో సగటు 5.3, మధ్యస్థం 2. పేపర్ల అసలు స్థితి చెప్పేది రెండోది.

వేరే శాఖల వాళ్లతో పోలిక అసలు వద్దు. ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో రొయ్యల జబ్బు మీద రాసే పేపరుకూ, విద్యార్థుల ఈ-బుక్ వాడకం మీద రాసే పేపరుకూ సైటేషన్ల వేగం ఒకటి కాదు. మెడికల్ కాలేజీ లైబ్రేరియన్ ఒక సిస్టమాటిక్ రివ్యూలో సహరచయిత అయితే ఆ ఒక్క పేపరే మిగతా అన్నింటినీ మించిపోతుంది. శాఖ, సంవత్సరం, పేపరు రకం బట్టి సర్దుబాటు చేసే ఎఫ్‌డబ్ల్యూసీఐ స్కోపస్ డేటాతో వస్తుంది. 1 అంటే ప్రపంచ సగటు. యూనివర్సిటీకి బాగుంటుంది, నాలుగు పేపర్ల మనిషికి పెట్టకండి, ఒక్క పేపరే ఆ అంకెను ఎటంటే అటు లాగేస్తుంది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ను మనిషికి అంటగట్టొద్దని 2012 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. కాగితాల్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు, అడిగినచోట రాయండి, విశ్లేషణలోకి మాత్రం తేకండి.

మేమైతే ఇలా

ఒక్కరి బయోడేటాకు: శుభ్రం చేసిన స్కాలర్ అంకె, పక్కనే స్కోపస్ అంకె, రెంటికీ చూసిన తేదీ. కాలేజీ నివేదికకు ఫారమ్ అడిగింది మాత్రమే. జిల్లా లేదా యూనివర్సిటీ అధ్యయనానికి ఓపెన్‌అలెక్స్ ప్రధానం, స్కాలర్ సరిచూపుకు, స్కోపస్ విడి నిలువు వరుసలో. డేటా అంతా ఒకే వారంలో దించుకోండి. నెలరోజులు సాగదీస్తే మొదట చూసినవారి అంకె పాతబడిపోతుంది. అధ్యయనం 2024 దాకా వచ్చిన పేపర్లదైతే, చివరి రెండేళ్ల పేపర్ల సైటేషన్లను వేరుగా చూపండి. లైబ్రరీ సైన్సులో సైటేషన్లు నిదానంగా వస్తాయి.

తెలుగులో రాసిన వ్యాసాలు, గ్రంథాలయ సర్వస్వము వంటి పత్రికల్లో వచ్చినవి, కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నేర్పే చేతిపుస్తకాలు ఈ మూడింటిలోనూ దాదాపు కనపడవు. వాటికి సైటేషన్ అంకె వెతకొద్దు. వేరే పట్టిక గీసి, శీర్షిక, తేదీ, పుటలు, ఎక్కడ వాడుతున్నారో రాయండి. రిపాజిటరీలో పెట్టి ఉంటే డౌన్‌లోడ్ల సంఖ్య వేయండి, దించిన తేదీతో.